ముందు బెంచీలో ఇద్దరు

తాటిపాక దాటాక కాలువ గట్టు మీద లోపలికి మూడు కిలోమీటర్లు వెళితే మా బడి వచ్చేది. ఇద్దరం టీచర్లం. ఒకటి, రెండు తరగతులు హెడ్మాస్టరు గారివి. మూడు, నాలుగు, ఐదు నావి, మూడూ ఒకే గదిలో. అమలాపురం నుంచి రోజూ బండి మీద వచ్చేదాన్ని. అప్పటికి పదహారేళ్ళ సర్వీసు. పిల్లలకు చదువు చెప్పడం నాకు వచ్చనే అనుకునేదాన్ని.

ఆ ఏడు మూడో తరగతిలోకి ఇద్దరు ఆడపిల్లలు వచ్చారు. ఒకమ్మాయికి పుట్టుకతోనే చెవులు వినపడవు. ఎక్కడో క్యాంపులో ఇచ్చిన చెవి మిషన్ పెడితే హోరు తప్ప మాట తెలిసేది కాదేమో, పీకి జేబులో వేసుకునేది. తల్లి కువైట్‌లో ఇంటిపని చేస్తోంది. పిల్ల అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. రెండో అమ్మాయికి చూపు బాగా తక్కువ. పుస్తకం ముక్కుకు ఆనించుకుంటే పెద్ద అక్షరాలు మాత్రం కనిపించేవి, బోర్డు అసలు కనిపించేది కాదు. కానీ ఒకసారి విన్నది మరిచిపోదు. ఎక్కాలైనా, నిన్న నేను చెప్పిన కథైనా పొల్లుపోకుండా అప్పజెప్పేది.

ఇద్దరినీ ముందు బెంచీలో కూర్చోబెట్టాను. నాకు తెలిసిన ఉపాయం అదొక్కటే.

మూడో తరగతి సాఫీగానే గడిచింది. సాఫీగా గడిచిందని నేను అనుకున్నాను. చూపు తక్కువ పిల్ల నోటితో చెప్పేది. వినపడని పిల్ల రాసేది. ఎంత బాగా రాసేదంటే, బోర్డు మీద నేను రాసినదానికన్నా ఆమె కాపీలో గుండ్రంగా, వరస తప్పకుండా ఉండేది. ఒత్తులు కూడా ఎక్కడా పోయేవి కావు. తనిఖీకి వచ్చిన అధికారి ఆ నోటుపుస్తకం చేతిలోకి తీసుకుని, "చెవులున్న పిల్లలు సిగ్గుపడాలండీ" అన్నారు. నేను పొంగిపోయాను. ఆ పేజీలు ఫోటోలు తీసి వాళ్ళమ్మకు వాట్సాప్‌లో పంపాను. ప్రోగ్రెస్ కార్డులో తెలుగుకి ఎదురుగా 'ఏ' గ్రేడు వేశాను.

నాలుగో తరగతిలో, దసరా సెలవులయ్యాక ఒకరోజు భోజనాల వేళ నాకు గ్లాసు కావాల్సి వచ్చింది. ఆ పిల్ల దగ్గర్లోనే ఉంది. ఎప్పుడూ సైగ చేసేదాన్ని, ఆరోజు ఎందుకో పలక మీద "గ్లాసు తీసుకురా" అని రాసి ఇచ్చాను. ఆమె పలక తీసుకుంది. కింద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. నా అక్షరాల కిందే, నాకంటే అందంగా, "గ్లాసు తీసుకురా" అని రాసి పలక తిరిగి నాకు ఇచ్చింది. మెచ్చుకుంటానని నా ముఖంలోకి చూస్తోంది.

తుడిచి ఆమె పేరు రాశాను. గుర్తుపట్టింది, గుండె మీద చెయ్యి పెట్టుకుంది. "నీళ్ళు" అని రాశాను. చూసి అలాగే కింద దించింది. "అన్నం" అని రాశాను. పక్కనే కంచంలో అన్నం ఉంది. దాని వంక చూడకుండా ఆ మాట కూడా దించింది. చివరికి "అమ్మ" అని రాశాను. దాన్నీ దించి, ఇంకోటి రాయమన్నట్టు పలక నా ముందుకు జరిపింది.

ఏడాదిన్నర ఆ పిల్ల నా ఎదురుగా కూర్చుని ముగ్గులు వేసింది. నేను దానికి మార్కులు వేశాను.

పదిహేను రోజులకోసారి మా మండలంలో బడులన్నీ తిరిగే ప్రత్యేక టీచరు ఒకామె ఉండేది. ఆమె వచ్చినప్పుడు పలక సంగతి చెప్పాను. ఆమెకేమీ ఆశ్చర్యం కలగలేదు.

"ఇలాంటి పిల్లలు చాలామంది ఉన్నారండీ. పాఠం తగ్గించేయండి. వస్తువు చూపించండి, పని చేసి చూపించండి, అప్పుడు మాట రాయండి. మీ ముఖం ఎప్పుడూ ఆ పిల్ల వైపే ఉండాలి."

"మరి పక్కనున్న పిల్లకండీ?"

"ఆ పిల్లకి ప్రతిదీ నోటితోనే చెప్పాలండీ. ఇదిగో, అదిగో అంటే దానికేం తెలుస్తుందండీ?"

రెండూ నిజమే. మిగిలిన ఇరవై ఆరు మందికీ సిలబస్ కావాలి, అదీ నిజమే. నాకున్నది ఒక గది, ఒక నోరు.

మర్నాటి నుంచి మధ్యాహ్నం మొదటి గంట మాటలు మానేశాను. కిటికీకి, తలుపుకి, బకెట్‌కి, కుర్చీకి చీటీలు అంటించాను. ఒక పిల్ల దూకితే "దూకు" అని రాసేదాన్ని, ఇంకో పిల్ల తాగితే "తాగు" అని రాసేదాన్ని. క్లాసంతా ఆటలా ఆడింది. వినపడని పిల్లకి నాలుగో రోజు వెలిగింది. "కిటికీ" చీటీ పట్టుకుని గదిలో ఉన్న మూడు కిటికీల దగ్గరికీ పరిగెత్తి, చీటీ పెట్టి చూసుకుని, నా కొంగు పట్టుకుని లాగి మూడూ చూపించింది. మాటంటే వస్తువుకు పేరని ఆ పిల్లకి అప్పుడు తెలిసింది. తొమ్మిదో ఏట.

ఆ సంతోషంలో నేను రెండో పిల్లను మరిచిపోయాను. ఒక మధ్యాహ్నం గదిలో చడీచప్పుడూ లేదు. అందరూ నా చేతుల వంకే చూస్తున్నారు. ఆ పిల్ల ఉన్నట్టుండి లేచి నిలబడి, సంచి భుజాన వేసుకుని, గోడ వైపు తిరిగి అడిగింది:

"మేడం గారండీ, బడి వదిలేసేరాండీ? అందరూ వెళ్ళిపోయేరాండీ?"

పిల్లలు గొల్లున నవ్వారు. ఆ నవ్వు విన్నాక గానీ ఆమెకు తెలియలేదు, చుట్టూ క్లాసంతా ఉందని. కూర్చుని బెంచీ మీద తల పెట్టుకుంది. బడి వదిలే దాకా ఎత్తలేదు.

మళ్ళీ మాట్లాడుతూ చెప్పడం మొదలుపెట్టాను. మాట్లాడుతూ బోర్డు వైపు తిరిగితే మొదటి పిల్ల కళ్ళు వాలిపోయేవి. ఆమె కోసం ఆగి చేసి చూపిస్తే ఐదో తరగతి వాళ్ళు అల్లరి మొదలుపెట్టేవాళ్ళు. అమలాపురంలో రెండు రోజుల ట్రైనింగులో, ఇలాంటి పిల్లలను జతలుగా కూర్చోబెడితే ఒకరికొకరు నేర్పుకుంటారన్నారు. అదీ చేశాను. ఒకరికి చూపుంది, ఒకరికి వినికిడి ఉంది, ఇద్దరూ కలిస్తే సరిపోదా అని నాకూ ఆశ పుట్టింది. సరిపోలేదు. ఒకామె చూపించేది రెండో ఆమెకు కనపడదు. రెండో ఆమె చెప్పేది మొదటామెకు వినపడదు. విసుగెత్తి వినపడని పిల్ల రెండో పిల్ల చెయ్యి మెలిపెట్టింది. మర్నాడు చూపు తక్కువ పిల్ల నాన్న వచ్చి, అరవకుండా, చేతులు కట్టుకుని అడిగాడు: "మా పిల్లకి కళ్ళు లేవని తెలిసి కూడా ఆ పిల్ల పక్కన ఎందుకు కూర్చోబెట్టేరండీ?" తిడితే బాగుండేది.

హెడ్మాస్టరు గారు మంచివారు. "మీరు చేయగలిగినంత చేశారండీ, ఇంక వదిలేయండి. పాస్ చేసేద్దాం, హైస్కూలు వాళ్ళు చూసుకుంటారు" అన్నారు. రెండు రోజులు ఆ మాట పట్టుకుని బతికాను కూడా.

వినపడని పిల్లలకు సైగల భాషలో చదువు చెప్పే హాస్టలు బడి ఒకటి వేరే జిల్లాలో ఉందని ప్రత్యేక టీచరు చెప్పింది. అమ్మమ్మ గారింటికి వెళ్ళాను. ఆవిడ కొబ్బరి పీచు ఆరబెడుతోంది.

"ఇప్పుడెందుకండీ? బాగా రాత్తంది కదండీ మా పిల్ల. చర్చిలో పాస్టరు గారికి కూడా చూపించేనండి ఆ పుస్తకం."

"రాస్తుంది కానీ అందులో ఏముందో తెలీదండీ."

ఆవిడ పీచును చేత్తో సర్దుతూ, "వాళ్ళమ్మకి చెప్పండి మరి. నేను చెప్పలేనండీ" అంది.

చెప్పాను. తల్లికి పని మధ్యలో ఫోన్ దొరికేది కాదు, నాలుగు రోజులకు తనే చేసింది. ఏదో వంటగదిలో నిలబడి మాట్లాడుతోంది, వెనక కుళాయి చప్పుడు. పలక సంగతి మొత్తం చెప్పాను.

"మేడం గారూ," అంది, "ఆ ఫోటోలు నా ఫోన్ స్క్రీన్ మీద పెట్టుకున్నానండి. ఇక్కడ మా వాళ్ళందరికీ చూపించేనండి."

"అవునమ్మా."

"ప్రోగ్రెస్ కార్డులో 'ఏ' గ్రేడు వేసేరు కదండీ?"

"వేశానమ్మా."

"ఎందుకు వేసేరండీ?"

ఆ మాటలో కోపం లేదు. తెలుసుకోవాలనే అడిగింది. తెలియక వేశానని చెప్పాను. అది నిజం. కానీ తెలుసుకోవాలని ఏడాదిన్నర నేను ప్రయత్నించలేదు, అది కూడా నిజమే, అది ఆమెకు చెప్పలేకపోయాను. తల్లి కుళాయి కట్టేసి, "పంపించేయండి మేడం. అమ్మకి నేను చెబుతాను" అంది.

జూన్‌లో పిల్లను తీసుకుని అమ్మమ్మ గారు, నేను బస్సులో వెళ్ళాము. అక్కడి టీచరు పిల్లను కూర్చోబెట్టి కాసేపు పరీక్ష చేసింది. ఆమెకూ వినపడదు, ఏం చెప్పాలన్నా కాగితం మీద రాసి చూపించేది. "ఒకటో తరగతిలో వేస్తాము. ఈ పిల్లకు ఏ భాషా లేదు. నాలుగేళ్ళ ముందు తేవాల్సింది" అని రాసింది. ఆ కాగితం నేను అమ్మమ్మ గారికి చదివి వినిపించలేదు. ఆవిడా అడగలేదు.

మేము బయలుదేరుతుంటే పిల్ల ఏడవలేదు. తాను కూడా మాతో వస్తోందనే అనుకుంది. అలా కాదని ఆమెకు చెప్పే దారి మా ఇద్దరికీ తెలియదు. గేటు మూశాక కడ్డీలు పట్టుకుని నోరు తెరిచింది. ఆ కేక అంతకు ముందెప్పుడూ నేను విన్నది కాదు.

తిరుగు బస్సులో రావులపాలెం వచ్చాక అమ్మమ్మ గారు అన్నారు: "సెలవులకి ఎప్పుడొత్తామో దానికెలా తెలుత్తాదండీ?"

"నేర్పుతారండీ. అక్కడ చేతులతో చెప్పడం నేర్పుతారు."

"ఆయ్," అందావిడ. కిటికీ వైపు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మర్నాడు బడికి వెళ్ళాను. చూపు తక్కువ పిల్ల ఐదో తరగతిలోకి వచ్చింది. నా అడుగుల చప్పుడు వినగానే లేచి నిలబడి, "ఆ పిల్ల ఏదండీ?" అని అడిగింది. చెప్పాను. "మరి నాకు కూడా అలాంటి బడి ఉందాండీ?" అంది.

ఉంది. ఆ సంగతి అప్పటికే వాళ్ళ నాన్నకు చెప్పి ఉండాల్సింది. పంపించేది ఆ పిల్ల కోసమా, నా కోసమా అని తేల్చుకోలేక ఇంకా చెప్పలేదు. ఆమె కూడా వెళ్ళిపోతే నా గదిలో పాఠం చెప్పడం ఎంత తేలికవుతుందో నాకు తెలుసు. అలా ఆలోచించినందుకు ఆరోజు హాజరు పుస్తకం ముందు పెట్టుకుని పేర్లు పిలవలేక కూర్చున్నాను.