కప్పుకు కప్పిన కప్పు

ఫిల్మ్‌నగర్‌లో మా ఇంటి పైవాటా గది కప్పు ఏళ్ళ తరబడి నెమ్ము పట్టి ఉండేది. పూత పెచ్చులుగా ఉబ్బి, మధ్యలో నల్లటి బూజు పట్టి, తాకితే తడి పిండిలా రాలేది. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలు వరసగా లేస్తున్న రోజులవి. అక్కడ పనిచేసే ఒక జంట, చంటిపిల్లతో, ఆ వాటా అడిగారు. ఫాల్స్ సీలింగ్ ఉంటే వస్తామన్నారు.

"ముందు ఆ పాత పూతంతా గీకించండి. తర్వాతే సీలింగ్" అంది నా భార్య.

నేను సినిమాలకు మాటలు రాసేవాణ్ణి. కథలో కన్నాల్ని మాటలతో కప్పడం నా వృత్తి. గీకడంకన్నా కప్పడమే నయమనిపించి, ఇళ్ళు కట్టే మేస్త్రీని వదిలేసి, చనువుకొద్దీ సెట్లు వేసే మనిషిని పిలిచాను.

"గీకుడెందుకు సార్? కెమెరాకు కనవడకపోతే లేనట్టే" అన్నాడతను.

"వానలకు ఆగుతుందా?"

"మా సెట్లకు అసల్ కప్పే ఉండది సార్, లైట్లు పైనుంచే కొడ్తరు గద! గిది మీకోసం స్పెషల్."

షూటింగు అయ్యాక విప్పేసేవి తప్ప, వానకు నిలవాల్సిన కప్పును అతను జన్మలో కట్టలేదని ఆ మాటలోనే ఉంది. మాటలు రాసేవాడికి మాటలు వినే ఓపిక ఉండదు.

పాత పూతను అలాగే ఉంచి, దాని కింద తెల్లటి సీలింగు బిగించి వెళ్ళాడు. వానలు మొదలైన వారానికి గదిలో తడి గోనెసంచీ, కుళ్ళిన గుడ్డూ కలిసిన కంపు. అగరొత్తులు వెలిగిస్తే మల్లెపూలు పెట్టుకున్న కుళ్ళిన గుడ్డు అయింది.

ఆదివారం ఆ జంట చూడడానికి వచ్చారు.

"ఏందో వాసనొస్తుంది అంకుల్" అంది ఆ అమ్మాయి.

"కొత్త పెయింటమ్మా" అన్నాను. నా భార్య నాకేసి చూసింది.

ఆ అమ్మాయి గది మధ్యలో బొంత పరిచి పిల్లను పడుకోబెట్టింది. సరిగ్గా పైన, తెల్లటి సీలింగులో, టీరంగు మరక.

"గదేంది అంకుల్?"

'డిజైను' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కింద పిల్ల నోరంతా తెరిచి ఆవులించింది.

"పిల్లనెత్తుకో తల్లీ. అందరూ గుమ్మంలోకి వెళ్ళండి" అని, బూజుకర్రతో ఆ మరకను పొడిచాను.

ఆ సీలింగు ముక్క దబ్బున ఊడింది. దాని మీద రాలి పేరుకున్న పాత పూత బురదై, వెంటిలేటర్ సందులోంచి దూరిన పావురాల రెట్టలతో, బొద్దింకలతో, అట్టలా అణిగిన ఎలుకతో సహా బొంతమీద పడింది. కొంత నా నోట్లోనూ పడింది. సింకు దగ్గరకు పరిగెత్తి కక్కుకున్నాను. అంతకన్నా రోత, 'డిజైను' అన్న ఆ మాట.

"మీకు ఎర్కే గద అంకుల్?" అంది ఆ అమ్మాయి, చున్నీతో పిల్ల ముక్కు మూసి.

"తెలుసమ్మా."

ఇద్దరూ పిల్లతో మెట్లు దిగిపోయారు. బొంత కూడా వద్దన్నారు.

నా భార్య తాపీ తెచ్చి చేతికిచ్చింది. "గీకండి."

ముక్కుకు తువ్వాలు కట్టుకుని స్టూలెక్కాను. మొదటి గీకుకే చల్లటి ముద్ద ఒకటి చొక్కాలోకి, వీపు మీదుగా, నెమ్మదిగా జారింది.