తూర్పు గోడ వీధి

మా రిక్కార్టన్ పేటలో చిల్లర కొట్టు నడిపిన కొరియా ఆంటీని ఈ దేశానికి కొత్తగా వచ్చిన మనవాళ్లు ఎరగరు, అందుకే రాస్తున్నాను. ఆవిడ ఎవరికి దారి చెప్పినా ఈ ఊళ్లో అప్పట్లో వచ్చిన భూకంపంలో కూలిన కట్టడాలనే గుర్తులుగా చెప్పేది.

"పాత చర్చి దగ్గర ఎడమకి తిరుగు" అంటే నమ్మి, ఖాళీ స్థలాల చుట్టూ తిరిగి, నా మొదటి ఇంటర్వ్యూ పోగొట్టుకున్నాను.

"లేని చర్చి ఎలా కనబడుతుంది ఆంటీ?" అని అరిచాను.

ఆవిడ వేడి నూడుల్స్ నా చేతిలో పెట్టింది. "మా దేగు నగరంలో కోట గోడలు కూల్చి రోడ్లు వేశారు. ఇప్పటికీ తూర్పు గోడ వీధి, పడమటి గోడ వీధి అనే అంటాం. ఎవరూ తప్పిపోరు."

లైబ్రరీలో దేగు మ్యాపు తీయించి చూశాను. నాలుగు దిక్కులా నాలుగు గోడ వీధులూ లేని కోట చుట్టూ అలాగే ఉన్నాయి.

ఆంటీ కొట్టు కూడా ఇప్పుడు లేదు. మొన్న స్రవంతి అనే స్టూడెంట్ బస్టాప్ అడిగితే, "ఆంటీ కొట్టు దగ్గర కుడికి" అన్నాను.

కాసేపటికి తిరిగొచ్చి, "అన్నా, అక్కడ ఏ కొట్టూ లేదు!" అంది.

మ్యాపు వెతికిచ్చిన లైబ్రేరియన్ హెలెన్‌కూ, దారి తప్పిన స్రవంతికీ కృతజ్ఞతలు. ఆంటీ పేరు మాత్రం నేనెప్పుడూ అడగలేదు.