ఆకులు రాలిన నెలలో మాస్టారి పరీక్ష

మా మాస్టారు పోయారు. పెనుగంచిప్రోలులో చిన్న తిరునాళ్ళ రోజులు. నందిగామ సెంటర్లో ఆటోలన్నీ జనంతో కిటకిటలాడుతూ అటే పోతున్నాయి. నేను కాలేజీ బస్సు కోసం నిలబడి ఉన్నాను. అమ్మగారు, అంటే మాస్టారి భార్య, ఫోన్ చేశారు. "అమ్మాయ్, మీ మాస్టారు ఇక లేరమ్మా. పొద్దున కాఫీ తాగారు, పేపరు తిరగేశారు, అంతే" అన్నారు. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. గుట్ట మీద పరీక్ష అయ్యేదాకా ఆగితే ఏం పోయేది ఈయనకు అనుకున్నాను. కాలేజీ బస్సు వదిలేసి జగ్గయ్యపేట బస్సెక్కాను.

మాస్టారు మా యూనివర్సిటీ కాలేజీలో అటవీశాస్త్రం చెప్పారు. జగ్గయ్యపేటలో హోల్‌సేల్ కిరాణా వ్యాపారం చేసే ఇంట్లో పుట్టిన మనిషి. ఈ చదువులో చేరతానన్నప్పుడు వాళ్ళ నాన్నగారు, "చింతపండు అమ్ముకుంటే సరిపోయేదానికి చింతచెట్టు గురించి చదవడం దేనికిరా?" అన్నారట. రిటైరయ్యాక కూడా ఆ మాట చెప్పి నవ్వేవారు. "మా నాన్నకి ఇంకా జవాబు బాకీ ఉన్నా" అనేవారు.

నేను మిరప కోతలకు వెళ్ళే అమ్మ కూతుర్ని. డాక్టరు సీటు రాలేదు, వ్యవసాయం సీటూ రాలేదు, మిగిలింది ఫారెస్ట్రీ. మా క్లాసులో అందరిదీ ఇదే కథ. మొదటిరోజు మాస్టారు వచ్చి, "ఇష్టపడి ఈ కోర్సులో చేరినవాళ్ళు చేతులెత్తండి" అన్నారు. ఒక్క చెయ్యీ లేవలేదు. "పర్లేదు. నేనింకా చేతులెత్తేయలేదు" అని చాక్‌పీసు తీసుకున్నారు.

ఆయన పెట్టే పరీక్ష గురించి చెప్పాలి. మిగతా చోట్ల చెట్లను గుర్తుపట్టే పరీక్ష వానలు పడ్డాక పెడతారు. అడవి పచ్చగా ఉంటుంది, చల్లగా ఉంటుంది, ఆకు చూసి పేరు రాసేయొచ్చు. మాస్టారు మాత్రం ఎండలు ముదిరే మార్చిలో, వేదాద్రి వైపు గుట్టల మీద పెట్టేవారు. అప్పటికి అక్కడ చాలా చెట్లకు ఆకన్నదే ఉండదు. కొండగోగుకు పసుప్పచ్చ పూలుంటాయి గనక అది ఒక్కటీ బతికిపోయేది, మేమూ బతికిపోయేవాళ్ళం. మిగతావన్నీ పొయ్యిలోకి సిద్ధంగా ఉన్న కట్టెల్లా నిలబడి ఉండేవి. బెరడు నిమిరి, గీరి, వాసన చూసి పేరు చెప్పాలి. పేరుకంటే ముందు ఇంకో ప్రశ్న. ఇది బతికుందా, చచ్చిందా?

ఆ ప్రశ్నకు ఆయన నేర్పిన ఉపాయం ఒకటే. సన్నకొమ్మ మీద బొటనవేలి గోటితో ఒక్క గీత గీయాలి. పైపొర లేచి లోపల పచ్చగా, తడిగా కనిపిస్తే చెట్టు బతికున్నట్టు. ఒక చెట్టుకు ఒక్క గీతే. రెండోది గీశామా, తిట్లు. "నీ చర్మం కూడా గీకి చూద్దామా? నాకూ అనుమానంగానే ఉంది బతికున్నావో లేదో" అనేవారు.

ఈ పరీక్ష ఎందుకో నాకు బాగా అర్థమైంది మాస్టారు రిటైరయ్యాక. అప్పటికి నేను చదివిన కాలేజీలోనే కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతున్నాను. కొత్త బిల్డింగుకు పార్కింగు కావాలన్నారు. మా కాలేజీ తోటలో ఎండిపోయిన చెట్లు ఉంటే కొట్టేయొచ్చని పైనుంచి చెప్పారు. మార్చి నెల. మా విభాగంలో కొత్తగా చేరిన ఇద్దరు అధ్యాపకులు వెళ్ళి, ఆకు లేని ప్రతి చెట్టుకూ ఎర్రరంగు పూసి వచ్చారు. ఇద్దరివీ పెద్ద డిగ్రీలు. అడవిని మాత్రం కంప్యూటర్ తెర మీద నేర్చుకున్నారు. వానాకాలంలో నీడనిచ్చే చెట్లు ఎండాకాలంలో ఆకు రాలుస్తాయని వాళ్ళు పుస్తకంలో చదివారు, చెట్టు ముందు నిలబడేసరికి మర్చిపోయారు. నేను వద్దంటే వినలేదు, మాస్టారికి ఫోన్ చేశాను. ఆయన వచ్చేసరికి రంపాలు ఆడుతున్నాయి, సగం చెట్లు నేలమీద ఉన్నాయి.

మాస్టారు అరవలేదు. పడిపోయిన చెట్టు కొమ్మ మీద గీత గీసి వాళ్ళిద్దరికీ చూపించారు. పచ్చగా ఉంది. "నాడి చూడకుండా డెత్ సర్టిఫికెట్ రాసేశారా అండీ?" అని మర్యాదగా అడిగారు. తర్వాత నిలబడి ఉన్న చెట్ల కిందకి కుర్చీ తెప్పించుకుని కూర్చున్నారు. రంపాలవాళ్ళు సాయంత్రం దాకా చూసి వెళ్ళిపోయారు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు కదా. ఆ మిగిలిన చెట్లు ఇవాళ్టికీ ఉన్నాయి. వాటి కిందే కార్లు పెట్టుకుంటున్నారు, నీడ బాగుందని.

ఆయన రిటైరయ్యాక కూడా నడిచిన ఆ పరీక్షను నిరుడు ఎత్తేశారు. ఎండదెబ్బ తగిలితే ఎవరిది బాధ్యత అన్నారు. బస్సు ఖర్చు అన్నారు. ఫోన్‌తో ఫోటో తీస్తే యాప్ చెట్టు పేరు చెబుతుండగా గుట్టలెక్కడం దేనికన్నారు. ఆ సంగతి చెబితే మాస్టారు, "ఆకుంటే చెబుద్దమ్మా. ఆకు రాలాక దాన్నే అడుగు, ఏం చెబుద్దో విందాం" అన్నారు. అసలు కోర్సే వద్దనే మాట కూడా నడుస్తోంది. పిల్లలు చేరడం లేదట. ఎందుకు చేరతారు? అడవి ఉద్యోగాలకు ఏ డిగ్రీ అయినా చాలంటారు. పాఠం చెప్పే పోస్టులు ఖాళీగా పెడతారు. నాలుగేళ్ళు చెట్లు చదివినవాడు చివరికి బ్యాంకు పరీక్షలకు కోచింగ్ తీసుకుంటాడు. నీళ్ళు ఆపేసి, చెట్టు ఎండిందని ఎర్రరంగు పూయడం అంటే ఇదే.

పోయేముందు వారం నేను వెళితే, పెరట్లో పొణికి చెట్టు కింద కూర్చుని ఉన్నారు. కొండపల్లి బొమ్మలు చేసేది ఈ చెక్కతోనే. గింజ తెచ్చి పాతితే మొలవడానికి మూడు చెరువుల నీళ్ళు తాగించిందట. అది కూడా మోడులా ఉంది అప్పుడు. "ఈసారి పిల్లల్ని గుట్ట ఎక్కిస్తావా?" అన్నారు. నా కాంట్రాక్టు ఏటా ఏప్రిల్లోనే పొడిగిస్తారని ఆయనకు తెలుసు. మార్చిలో ఎదురు తిరిగితే ఏమవుతుందో కూడా తెలుసు. తెలిసే అడిగారు. "ఎక్కిస్తా మాస్టారూ" అన్నాను. "ఉద్యోగం పోతే?" అన్నారు. "పోతే పోయింది" అన్నాను. ఆయన "అమ్మాయికి కాఫీ ఇవ్వవే" అని లోపలికి కేకేశారు.

నేను జగ్గయ్యపేట చేరేసరికి మాస్టారిని పెరట్లోనే పడుకోబెట్టారు. వెనకాలే మా విద్యార్థులు కూడా వచ్చారు. షామియానా వేసే అతను పొణికి చెట్టు దగ్గర నిలబడి ఉన్నాడు. "ఈ ఎండుచెట్టు అడ్డమండి. కొట్టేస్తే నీడ అందరికీ సరిపోద్ది" అంటున్నాడు. అతని తప్పేం లేదు, పాపం. కత్తి ఎత్తేసరికి మా విద్యార్థుల్లో రెడ్డిగూడెం అమ్మాయి, మూడో సంవత్సరం పిల్ల, అడ్డం వెళ్ళింది. ఈ పరీక్ష గురించి నేను చెప్పగా వినడమే తప్ప ఆ పిల్ల ఎప్పుడూ రాసి ఎరగదు.

"ఆగండి బాబాయ్, ఒక్క నిమిషం" అని కొమ్మ వంచి గోటితో గీసింది. లోపల పచ్చగా ఉంది. అతను వంగి చూసి, "అయ్యో, బతికే ఉందే" అని కత్తి దించాడు. మిగతా పిల్లలు తలా ఒక కొమ్మ పట్టుకుని గీశారు. శవం పక్కన కూర్చున్న అమ్మగారు కళ్ళు తుడుచుకుని, "చాల్లే అమ్మా, ఇంక గీకకండి. ఆయన లేచి తిడతారు" అన్నారు. చావింట్లో అందరం నవ్వాం. ఆ తర్వాత నాకు ఏడుపు వచ్చింది.

మా విభాగాధిపతి కూడా వచ్చారు. దండ వేసి, నన్ను పక్కకు పిలిచి, "ఆయన పేరు ఏదైనా హాలుకు పెడదాం, నేను ప్రపోజల్ పంపిస్తా" అన్నారు. మంచివారే. 

"హాలు వద్దు సార్. ఆయన పరీక్ష పెట్టనివ్వండి" అన్నాను.

"అది తీసేశారు కదమ్మా. నీ రెన్యువల్ కూడా నా దగ్గరే ఉంది, ఆలోచించుకో."

"ఆలోచించుకునే చెప్తున్నా సార్. నెలాఖరున గుట్ట ఎక్కుతున్నాం. ఆపాలంటే వేదాద్రి రండి, మీరూ ఒక చెట్టు గుర్తుపడుదురుగాని."

ఇది మీరు చదివేసరికి నా ఉద్యోగం ఉంటుందో పోతుందో నాకు తెలియదు. గుట్ట మాత్రం ఎక్కి ఉంటాం.

షామియానా చివరికి చెట్టును వదిలి వంకరగానే కట్టారు. కట్టని మేర ఎండ పడింది, అందులోనే పిల్లలు ఆఖరిచూపు కోసం వరుసలో నిలబడ్డారు. ఒక్కొక్కరే వచ్చి మాస్టారికి దండం పెట్టారు. జోడించిన ఆ చేతుల్లో, బొటనవేలి గోళ్ళ కింద, ఇంకా తడి ఆరని పచ్చదనం ఉంది.