మిరప దగ్గు అనుకున్నాను

రిటైరవడానికి నాలుగేళ్ల ముందు దర్శి దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూలుకు బదిలీ అయ్యాను. ఉద్యోగం వ్యాయామ ఉపాధ్యాయిని. పిల్లల నోట పీఈటీ మేడం. పీఈటీ అంటే విజిల్ ఊదే మనిషని స్టాఫ్ రూములోనూ చాలామంది అభిప్రాయం. పరుగుకు ముందు మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టడం, రాసుకోవడం, కాసేపు నడిపించి ఒళ్లు వెచ్చబడనివ్వడం కూడా మా పనే. ఇవన్నీ చదివే పాసయ్యాను. తొందరగా ఉన్న రోజు నాడి సంగతి వదిలేసేదాన్ని.

ఆ ఏడాది ఫిబ్రవరిలో క్రీడా హాస్టల్ ఎంపికలు వచ్చాయి. ఎనిమిది వందల మీటర్ల పరుగులో మా ఆశంతా తొమ్మిదో తరగతి సువార్త మీదే. తల్లి ఏసమ్మ మిరప కోతల కూలి. సీటు వస్తే తిండి, చదువు, శిక్షణ అన్నీ హాస్టల్ వాళ్లే చూస్తారు. వయసు నిబంధన ప్రకారం ఆ పిల్లకు అదే ఆఖరి అవకాశం.

ఫిబ్రవరిలో మా వైపు మిరపకాయలు కల్లాల్లో ఎండుతుంటాయి. ఆ ఘాటుకు ఊరంతా దగ్గుతుంది. ప్రార్థనలో పిల్లలు వరసపెట్టి దగ్గినా హెడ్మాస్టరు గారు తలెత్తి చూడరు.

ఎంపికలకు ఇంకా ఆరు రోజులున్నాయనగా సువార్త దగ్గుతూ వచ్చింది. నిన్న ఎక్కడికెళ్లావని అడిగితే కల్లంలో కాయలేరానంది. ఇంకేం, ఘాటు దగ్గేలే అనుకున్నాను. ఒళ్లు నొప్పులని కూడా నసిగింది. నేనేమో జలుబు చేసినప్పుడల్లా పరిగెత్తి వదిలించుకున్న మొండిదాన్ని.

“నాలుగు రౌండ్లు కొట్టవే, చెమట పడితే అదే పోద్ది” అన్నాను.

మా గ్రౌండు చుట్టూ రెండు వందల మీటర్లు. మూడో రౌండులో ఆ పిల్ల సున్నపు గీత మీదే కూలబడింది. వెళ్లి చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది.

ఆటోలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాను. డాక్టరు కుర్రవాడు, నా వయసు చూసి మర్యాదగానే చెప్పాడు. జలుబు ముక్కు దగ్గరే ఉంటే మెల్లగా నడిపించవచ్చట. దగ్గు ఛాతీలోకి దిగినా, జ్వరమున్నా, ఒళ్లు నొప్పులున్నా పరుగు మాట ఎత్తకూడదట, ఒక్కోసారి గుండె మీదికి వస్తుందట. ఈ పిల్లకు ఛాతీలో నెమ్ము చేరిందని, రెండు వారాలు విశ్రాంతి కావాలని రాసిచ్చాడు. ఆరు రోజుల్లో ఎంపికలని నేను గొణిగాను. ఆయన కాగితం మార్చలేదు.

కబురందగానే ఏసమ్మ కల్లం నుంచి చేతులైనా కడుక్కోకుండా పరుగున వచ్చింది. తిడుతుందనుకున్నాను. ఘాటు చేతులు వెనక్కి పెట్టుకుని, చెంప కూతురి నుదుటికి ఆనించి చూసింది.

“రేత్రి నుంచీ జొరమేనండీ. పడుకోవే అన్నాను. మేడం గారికి చెప్తాలే, ఆవిడే చూసుకుంటారని వచ్చిందండి” అంది.

సిగ్గుతో తల దించుకుని, మందుల కోసం కౌంటరు దగ్గరికి నడిచాను.

మెడికల్ సర్టిఫికెట్ జతచేసి మరో అవకాశం ఇమ్మని అర్జీ పెట్టాను. నిబంధనలు ఒప్పుకోవని జవాబొచ్చింది. సువార్త కోలుకుంది, పది పాసై ఇంటర్‌లో చేరింది. మళ్లీ పోటీల్లో పరిగెత్తలేదు.

రిటైరయ్యే దాకా నుదురు తాకకుండా, నాడి చూడకుండా ఒక్క పిల్లనూ గీత దాటనివ్వలేదు. దగ్గు దేనివల్ల వచ్చిందో తేల్చే చదువు నాది కాదు. ఒళ్లు వేడిగా ఉందో లేదో చూడడానికి చదువు అక్కర్లేదు. ఆ రోజు నేను అదీ చూడలేదు.