కళ్లు మూసుకుని వినే అక్క

అంబులెన్సులు పల్లెలకు ఎందుకు ఆలస్యంగా చేరుతున్నాయో పరిశోధించడానికి బాగేపల్లి నుంచి ఒక అక్క చింతామణి దగ్గరి మా ఊరికి వచ్చింది. ప్రతి ఇంట్లోనూ కళ్లు మూసుకుని, “నేనే డ్రైవర్ అనుకోండమ్మా. మీ ఇంటికి దారి చెప్పండి” అనేది.

“మునెమ్మోళ్ల ఇంటి పక్కనే” అంది మా అమ్మ.

“మునెమ్మ ఎవురో నాకు తెలీదు కదమ్మా?”

“మునెమ్మే తెలీదా! యా ఊరమ్మా నీది?”

అక్క నవ్వింది కానీ కళ్లు తెరవలేదు. తలుపు చాటున నిలబడ్డ నన్ను చెప్పమంది. నేను గొణుగుతూ మాటల్లోనే పాల డెయిరీ, నీళ్ల ట్యాంకు దాటించి మా పచ్చ గేటు దాకా తీసుకొచ్చాక కళ్లు తెరిచి, “వచ్చేసినా” అంది.

మొన్న మధ్యాహ్నం అమ్మ గుండె పట్టుకుని కూలబడింది. అంబులెన్సుకు ఫోన్ చేసి, దారి అడిగితే ముందు “మునెమ్మోళ్ల ఇంటి పక్కనే” అనేశాను. అప్పుడు అక్క మూసిన కళ్లు గుర్తొచ్చాయి. డెయిరీ, ట్యాంకు, గేటు వరుసగా చెప్పాను. బండి ఎక్కడా దారి తప్పకుండా వచ్చింది.

ఈరోజు అమ్మ ఆసుపత్రి మంచం మీద కూర్చుని, గంజిలో ఉప్పు లేదని నర్సుతో పోట్లాడింది. నేను వరండాలోకి పరుగెత్తి, అక్క ఇచ్చిపోయిన నంబరుకు ఫోన్ చేశాను.

“అమ్మ బాగుండాదక్కా.”

“ఏమైందో మొదట్నుంచి చెప్పు” అంది అక్క. కళ్లు మూసుకుని ఉంటుందనుకున్నాను.