ఐదో మంచం అల్లుడుగారు

మా ఆస్పత్రి ఇంటెన్సివ్ కేర్ హెడ్ నర్సుకు ఒకే ఒక్క జబ్బు: క్రిములతో చుట్టరికాలు కలపడం. దగ్గు తెచ్చేవి మేనత్తలు, చీము పట్టించేవి తోటికోడళ్ళు. ఏ యాంటీబయాటిక్‌కూ లొంగని మహా మొండి బాక్టీరియా మాత్రం ఆవిడ నోట 'అల్లుడుగారు'. అదేం పేరమ్మా అంటే, "ఏం వడ్డించినా చాలదు, ఎన్నాళ్ళైనా కదలడు, పొమ్మంటే ఇంకా బలుస్తాడు. మరేమనాలండీ?" అని ఎదురడిగేది.

నేను అక్కడి ల్యాబ్‌లో క్రిములు పెంచే ఉద్యోగం ముప్పయ్యేళ్ళు చేశాను. మాటలు తక్కువ, పుస్తకాలు ఎక్కువైన మనిషిని. రిపోర్టు చెబుదామని ఫోన్ చేస్తే సిస్టరమ్మ హలో అనేది కాదు.

"ఎవరొచ్చారు?"

"అల్లుడుగారు."

"ఒంటరిగానా, సపరివారంగానా?"

"సపరివారంగా."

"నా ఖర్మ!" ఠప్పున ఫోన్ పెట్టేసేది.

చేతులు కడుక్కోకుండా ఒక మంచం నుంచి ఇంకో మంచానికి నడిచేవాడు ఆవిడ లెక్కలో పెళ్ళిళ్ళ పేరయ్య, అల్లుడుగారికి సంబంధాలు కుదిర్చే మనిషి. పెద్ద డాక్టరుగారికీ మినహాయింపు లేదు.

"ఆగండి పేరయ్యగారూ! మూడో మంచం సంబంధం ఆరో మంచానికి మోసుకెళ్తున్నారా?"

"ఇప్పుడేగా కడిగాను సిస్టర్!"

"కడిగారు. తర్వాత పెన్ను ముట్టుకున్నారు, ముక్కు గోక్కున్నారు. నేను చూశాను."

ఆయన తలొంచుకుని సింకు దగ్గరికి వెళ్ళేవాడు. ఒకసారి నేను రిపోర్టు పట్టుకుని పైకి వెళ్తే, నా చంకలోని డిటెక్టివ్ నవల లాక్కుని స్పిరిట్‌తో తుడిచింది. అట్టతో ఊరుకోక ఆఖరి పేజీ దాకా తుడిచింది. హంతకుడి పేరు చెరిగిపోయింది. వాడెవడో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ రోజుల్లో ఐదో మంచంలో ఒక దర్జీ ఉండేవాడు. న్యుమోనియా ముదిరి వెంటిలేటర్ మీద ఉన్నాడు. భార్య, కూతురు బయట బెంచీ మీద. అల్లుడు మాత్రం రెండేళ్ళుగా మామగారి మొహం చూడలేదు. కారణం ఒక సూటు. "బిగుతైంది మామయ్యగారూ" అన్నాడట అతను. "సూటు సరిగ్గానే ఉంది, మీరే పొంగారు" అన్నాడట ఈయన. అంతే, మాటలు బంద్.

దర్జీ కఫంలోని క్రిమి ల్యాబ్‌లో నా గాజు పళ్ళెంలో పెరిగింది. మామూలుగా అందులో మందు బిళ్ళలు పెడితే, పనిచేసే బిళ్ళ చుట్టూ క్రిమి చచ్చి ఖాళీ వలయం పడాలి. ఒక్క వలయమైనా లేదు. క్రిమి ప్రతి బిళ్ళకూ ఆనుకుని, దిండుకు జారగిలబడ్డట్టు పెరిగి కూర్చుంది. ఫోన్ చేసి చెప్పి, రిపోర్టు కాగితం తీసుకుని పైకి వెళ్ళాను. అప్పటికే సిస్టరమ్మ కేక వరండా దాకా మోగుతోంది.

"ఐదో మంచానికి అల్లుడుగారు దిగారు! గౌన్లు, గ్లవ్స్ తొడుక్కోండి!"

బెంచీ మీంచి దర్జీ భార్య దిగ్గున లేచింది. "వచ్చాడా? మా అల్లుడేనా? ఏడమ్మా? నాకు కనబడకుండా ఎటునుంచి వెళ్ళాడు?" గబగబా జుట్టు సవరించుకుంది. పది రోజుల్లో ఆ మొహంలో నవ్వు చూడటం అదే మొదలు.

సిస్టరమ్మ తలుపు తీసింది. "ఒక్క నిమిషం కూర్చోండమ్మా" అని, కూతుర్ని పక్కకు పిలిచి ఆమె భర్త నెంబరు తీసుకుని ఫోన్ చేసింది.

"ఏమండీ, ఐదో మంచం అల్లుడుగారేనా? మీరు ఇందాకే వచ్చేశారు. ఇక మనిషి రావడమే మిగిలింది."

"నాకేం అర్థం కాలేదండీ."

"అర్థం తర్వాత చూసుకుందాం. చేతులు కడుక్కుని బయల్దేరండి."

అప్పుడు వెళ్ళి దర్జీ భార్య పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. మందులకు లొంగని క్రిమి పట్టిందనీ, ప్రాణానికి ప్రమాదమేననీ, అరుదుగా వాడే పాత మందొకటి ఇంకా మిగిలి ఉందనీ ఉన్నదున్నట్టు చెప్పింది. "నేను అల్లుడుగారన్నది ఆ క్రిమినేనమ్మా, తప్పైపోయింది. మీవాడు దారిలో ఉన్నాడు."

దర్జీ భార్య కళ్ళు తుడుచుకుంది. "పోలిక మాత్రం బాగా కుదిరిందమ్మా" అంది.

ఆ పాత మందు బిళ్ళతో ఇంకో పళ్ళెం పెట్టాను. మర్నాడు పొద్దున చూస్తే బిళ్ళ చుట్టూ నిండు చందమామలా గుండ్రంగా ఖాళీ! ఉద్యోగంలో నేను పరుగెత్తింది ఆ ఒక్కసారే.

ఆ మందు మొదలెట్టిన పదో రోజుకు దర్జీ గొంతులోంచి వెంటిలేటర్ గొట్టం తీశారు. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా అల్లుడు, మూడుసార్లు చేతులు కడిగించుకుని, పసుపు గౌనులో. దర్జీ చూపు గౌను భుజాల మీదికి పోయింది.

"ఎవడు కుట్టాడు దీన్ని?" అన్నాడు బొంగురు గొంతుతో. "భుజాలు జారిపోతున్నాయి."

"వదులుగా, హాయిగా ఉంది మామయ్యగారూ."

"లేచాక నేను కుడతాను. ఈసారి... రెండంగుళాలు వదులుతాన్లెండి."

వారం తర్వాత రిపోర్టు శుభ్రంగా వచ్చింది. నేను చెప్పి ఫోన్ పెట్టేలోపే అటునుంచి సిస్టరమ్మ కేక: "ఐదో మంచం అల్లుడుగారు వెళ్ళిపోయారు!"

వరండాలోంచి దర్జీ భార్య గొంతు, కంగారుగా: "ఏ అల్లుడమ్మా?"

ఇంత జరిగాకైనా ఆ పేరు మార్చకూడదా అని ఆవిణ్ణి అడిగాను.

"అసలు పేరు తలుపు సందులోంచి చెవిన పడకూడదండీ. అలాంటి మాట పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని చెప్పాలి. నేను బయటికొచ్చేదాకా పాపం వాళ్ళకి ఏదో చుట్టం పేరే వినబడనివ్వండి" అంది. అంటూనే నా చంకలోకి చూసి స్పిరిట్ సీసా అందుకుంది.

నేను నవలను వీపు వెనక దాచుకుని మెట్ల వైపు నడిచాను. ఇంకా నలభై పేజీలున్నాయి మరి.