పాలక్క పాక

ఊళ్లో ఎవరి గేదె మొండికేసినా పాలక్కకే కబురు వెళ్లేది. ఆమె పక్కన కూర్చుంటే తన్నే గేదె కూడా బుద్ధిగా నిలబడుతుంది. ఇరవై రెండేళ్లుగా రెండు పూటలా పరాయివాళ్ల పశువులను పితికి పితికి ఆమె మణికట్లు వాచిపోయాయి. ఈ చేతులు పడిపోయేలోపు తనదంటూ ఒక గేదెను పితకాలని ఆమె కోరిక. ఏమంత పెద్ద కోరికని! అయినా దానికోసం పశువుల ఆఫీసు చుట్టూ పద్నాలుగు నెలలు కాళ్లరిగేలా తిరిగింది.

కొత్తగా పాడి పెట్టుకునేవాళ్లకు ప్రభుత్వం సగం ధర భరించి రెండు గేదెలు ఇప్పిస్తుంది. వయసు యాభై దాటితే ఇవ్వదు. పాలక్కకు వచ్చే నెలతో యాభై నిండుతాయి. ఒక కాగితం ఇస్తే ఇంకోటి అడిగారు, అదీ తెస్తే మొదటిది పాతబడిందన్నారు. చివరికి పాక వేసి చూపిస్తే మంజూరు చేస్తామన్నారు. పెరట్లో నేల చదును చేసి, రాళ్లు పరిచి, తానే పాక వేసుకుంది.

మొగుడి గురించి చెప్పాలంటే, మంచివాడు. లారీ మీంచి పడి నడుం దెబ్బతిన్నాక అరుగు మీద కూర్చోవడమే అతని పని. పెళ్లాం కష్టం చూస్తూ లోలోపల కుమిలిపోయేవాడు.

తనిఖీకి అధికారి వస్తానన్న రోజు పాలక్క తెల్లారే పనికి వెళ్లింది. ఖాళీ పాక చూసి మొగుడికి మనసొప్పలేదు. ఇంత బోసిగా ఉంటే ఎవడిస్తాడని, కర్ర పట్టుకుని కుంటుకుంటూ పక్క వీధి ఆసామి ఇంటికి వెళ్లాడు. పాలక్క ఆ రోజు ఇంకా పితకని రెండు గేదెలను ఒక పూటకని అడిగి తోలుకొచ్చాడు. కడిగాడు. కొమ్ములకు నూనె రాశాడు. అతను అంత పని చేసి ఎనిమిదేళ్లయింది.

పాలక్క వచ్చేసరికి అధికారి ఫోన్లో ఫొటో తీసి, ఏదో రాసుకుంటున్నాడు.

"ఇవి ఎవరివంటే మావేనన్నాడు మీ ఆయన. ఇప్పటికే పాడి ఉన్నవాళ్లకి ఇవ్వకూడదమ్మా."

"అయ్యో, మావి కావు సార్! ఆసామిగారివి. నేను వాటిని పితికే మనిషిని."

"అందరూ ఇలాగే చెప్తారు. ఫొటో పైకెళ్లిపోయింది, ఇంక నా చేతుల్లో లేదు. మళ్లీ అర్జీ పెట్టుకో."

"అప్పటికి నాకు యాభై దాటిపోతాయి సార్."

ఆయన జాలిగా చూసి బండెక్కి వెళ్లిపోయాడు. ఆ జాలిని ఏం చేసుకోవాలి, గాటికి కట్టేసుకోవాలా?

మొగుడు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. "అరువు తెచ్చానంటే నీకు చిన్నతనమని..." అన్నాడు.

దులిపేద్దామనుకుంది. నూనె అంటిన అతని చేతులు చూశాక నోరు రాలేదు. "పోనీలేవయ్యా, కూర్చో. నడుం నొప్పెడుతుంది" అంది.

పొద్దెక్కడంతో పొదుగులు బిగిసి గేదెలు అరవసాగాయి. పాలక్క తపేలా తెచ్చుకుని గొంతుక్కూర్చుంది. ఏడుపు ఆగలేదు, చేతులూ ఆగలేదు. తన పాకలో మొదటిసారి పితికిన ఆ పాలను ఒక్క చుక్క కూడా ఉంచుకోకుండా ఆసామి ఇంట్లో పోసి వచ్చింది.